పెదవుల సాక్ష్యం

క్షయ తగ్గడానికి నూకరత్నానికి తొంభై సూదులు వేశారు. దగ్గు తగ్గింది, నెత్తురు పడటం ఆగింది. డెబ్బయ్యో సూది దగ్గర చెవుల్లో ఈల మొదలైంది. తొంభయ్యో సూది నాటికి ఆ ఈల కూడా లేదు. అప్పటికామెకు ఇరవై తొమ్మిదేళ్ళు. కూతురు సత్యవేణికి ఐదు. భర్త అంతకు ముందే పోయాడు.

అయినా జూట్ మిల్లులో ఆమె పని పోలేదు. నూలు వడికే ఆ షెడ్డులో చెవులున్నవాళ్ళకీ యంత్రాల రొద తప్ప ఏమీ వినిపించదు. ఆడవాళ్ళంతా ఒకరి పెదవులు ఒకరు చూసుకునే మాట్లాడుకునేవారు. పదహారో ఏట చేరిన దగ్గర నుంచీ ఆ విద్యలో నూకరత్నాన్ని మించినవాళ్ళు లేరు. షెడ్డు ఆ చివర మేస్త్రీ గుమాస్తాతో ఏదో గొణిగితే, ఈ చివర ఆమె అదే మాట పలికి అందరినీ నవ్వించేది.

ఈ సంగతి డాక్టర్ చక్రధర్‌కు మొదట తెలియదు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, ఓ గుట్ట మీద ఆయన శ్రవణ పరిశోధన కేంద్రం నడిపేవాడు. పూర్తిగా చెవిటివాళ్ళకు వినికిడి తెప్పించే ‘కర్ణిక’ అనే పరికరాన్ని మనిషికి అమర్చడానికి ఆయన మనుషుల్ని వెతుకుతున్నాడు. ముందుకు వచ్చిన మొదటి మనిషి నూకరత్నం. కూతురి గొంతు ఎలా మారిందో వినాలన్న ఒక్క ఆశే ఆమెను ఆ గుట్ట ఎక్కించింది.

చెవి వెనక చర్మం కింద రూపాయి బిళ్ళంత పలక పెట్టారు. దాన్నుంచి వెంట్రుకంత తీగ లోపలి చెవిలోకి వెళ్ళింది. పైన చర్మానికి అతికించే ఒక చుట్ట, చుట్ట నుంచి వైరు, వైరు చివర మెడలో వేలాడే పెట్టె. చిన్న ట్రాన్సిస్టర్ రేడియో అంత ఉండేది. గాయం మానిన నెలకు కేంద్రంలోని ఇంజనీరు ఇమ్మానుయేలు ఆ పెట్టె మీట నొక్కాడు.

నూకరత్నం ఉలిక్కిపడి కుర్చీ అంచులు పట్టుకుంది. అయిదేళ్ళ తర్వాత తలలో చప్పుడు.

"ఏం వినిపించింది అక్కా?" అన్నాడు ఇమ్మానుయేలు ఆమెకు కనబడేలా నిలబడి.

"కదురుకి పీచు చుట్టేసుకుంటే గర్‌మంటాది చూడు తమ్ముడూ, అలాగుంది. నువ్వు ఆపితే ఆగుతుంది. మాట్లాడితే మళ్ళీ గర్‌మంటుంది."

"నా మాట తెలుస్తోందా?"

"నీ నోరు చూస్తే తెలుస్తోంది. చూడకపోతే గర్ర్. అంతే."

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే సత్యవేణి ఆమె వెనక నిలబడి గట్టిగా పిలిచింది. నూకరత్నం చప్పున వెనక్కి తిరిగింది. కూతురు చప్పట్లు కొట్టి గెంతింది.

"వినిపించింది కదే అమ్మా! ఏటని పిలిచాను చెప్పు?"

నూకరత్నానికి తెలిసింది ఒక్క గర్రే. తలుపు కొట్టినా అదే చప్పుడు, గిన్నె పడినా అదే, కన్నకూతురు పిలిచినా అదే. "అమ్మా అన్నావు" అంది. సత్యవేణి ముఖం వాడిపోయింది. ఆ పిల్ల పిలిచింది అమ్మా అని కాదు, పేరు పెట్టి, ఆటకి.

మర్నాడే ఇమ్మానుయేలు ఒక పరీక్ష పెట్టాడు. ఆమెను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి యాభై మాటలు చదివాడు. ఒక్కటీ రాలేదు. తర్వాత తను తయారుచేసిన ఇంకో యంత్రం తెచ్చాడు. అది కర్ణిక లోపలికి మాట పంపడమే కాకుండా, ఆ మాట అందుకున్న నరం ఏమందో తిరిగి బయటికి తెచ్చేది. కదిలే కాగితం చుట్ట మీద ఒక కలం దాన్ని గీతగా గీసేది. దానికి అతను ‘నాడి కలం’ అని పేరు పెట్టాడు. ‘అమ్మ’ అన్నాడు. రెండు గుట్టలు గీసింది కలం. ‘పాము’ అన్నాడు. అవే రెండు గుట్టలు.

"ఒక తీగతో ఇంతే అక్కా. ఎనిమిది తీగలు, ఒక్కోటీ ఒక్కో శబ్ద స్థాయిని పంపగలిగితే మాటలు విడివిడిగా తెలుస్తాయి. రెండేళ్ళు పడుతుంది."

డాక్టర్ చక్రధర్ వచ్చి ఆ కాగితాలు చూశాడు. నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నూకరత్నానికి ఎదురుగా కుర్చీ లాక్కుని తనే యాభై మాటలు చదివాడు. ఆమె నలభై ఏడు చెప్పింది.

"ఇకనుంచి పరీక్ష ఇలాగే చెయ్యాలి, ముఖాముఖి" అన్నాడు ఇమ్మానుయేలుతో. తర్వాత నూకరత్నం వైపు తిరిగి మెత్తగా చెప్పాడు. "చూడు నూకరత్నం. ప్రభుత్వం నమ్మితేనే మన పని ముందుకు సాగుతుంది. ఎనిమిది తీగల పెట్టె వస్తే మొదటిది నీకే. నీ కూతురి గొంతు వింటావు. అందాకా ఎవరు అడిగినా వినిపిస్తోందనే చెప్పు. అబద్ధం కాదు కదా, చప్పుడైతే వినిపిస్తోందిగా?"

అబద్ధం కాదనే ఆమె తనకు తాను చెప్పుకుంది. పత్రికల్లో ఫోటో వచ్చింది. మెడలో పెట్టెతో, డాక్టరు పక్కన నవ్వుతూ.

ఆ ఫోటో పట్టుకునే అప్పలకొండ వచ్చింది. రేవు దగ్గర చేపలు ఎండబెట్టుకునే మనిషి. వెంట తొమ్మిదేళ్ళ కొడుకు ఎల్లాజీ. వాడు పుట్టుచెవిటి కాదు, ఆరో ఏట జ్వరంలో వినికిడి పోయింది. వాడు నూకరత్నం మెడలోని పెట్టెను ముట్టుకుని చూస్తుంటే, అప్పలకొండ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"డాక్టరుగారు సెప్పారు గానీ, ఆడకూతురివి నువ్వు సెప్పమ్మా. నిజంగా ఇనబడతాదా?"

డాక్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. నూకరత్నం అప్పలకొండ ముఖంలోకి చూసింది.

"ఇనబడతాదమ్మా" అంది.

జూన్ చివర్లో ఎల్లాజీకి ఆపరేషన్ అయింది. జులై పదకొండున వాడు చచ్చిపోయాడు. మెదడువాపు జ్వరమని, ఊళ్ళో అప్పుడదే తిరుగుతోందని అప్పలకొండకు చెప్పారు. ఆమె చదువుకోలేదు, నమ్మింది.

ఆ మర్నాడు నూకరత్నాన్ని మామూలు పరీక్షకి గాజుగదిలో కూర్చోబెట్టారు. బయటి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు బయటికి రాకుండా కట్టిన గది అది. ఒక వైపంతా మందపాటి గాజు. గాజు అవతల బల్ల దగ్గర డాక్టరు, ఇమ్మానుయేలు మాట్లాడుకుంటున్నారు. ఆ గది గోడల మీద డాక్టరుకు ఎంత నమ్మకమంటే, లోపల కూర్చున్నది ఎవరో కూడా మరిచిపోయాడు.

ఆయన కుడిచేత్తో కళ్ళజోడు తీసి, తుడుచుకుంటూ అన్నాడు. "తీగ దారిలోనే చీము పట్టింది. తెరిచి చూశాను. ఆ తీగే వాణ్ణి చంపింది."

"అయితే ఆపేద్దాం సార్. తల్లికి చెబుదాం."

"చెప్పి? ఒక్క పిల్లవాడి కోసం పదేళ్ళ పని సముద్రంలో కలిపేస్తావా? ఈ మాట ఈ గది దాటకూడదు."

నూకరత్నం కదలలేదు. మెడలో పెట్టె చల్లగా తగులుతోంది. డాక్టరు గాజు తలుపు తెరిచి లోపలికి వచ్చి, నవ్వి, "మొదలుపెడదామా?" అన్నాడు.

"పెట్టండి బాబూ" అంది ఆమె.

ఆ రోజు యాభైకి యాభై చెప్పింది.

బయటికొచ్చాక ఇమ్మానుయేలును మెట్ల దగ్గర ఆపింది. "గాజు అవతల మీరు మాట్లాడింది చూశాను" అంది. అతని ముఖం పాలిపోయింది.

"నేను రాజీనామా ఇస్తాను అక్కా. పోలీసులకి..."

"ఏటని చెప్తావు? కాగితాలు ఆయన దగ్గరే. నువ్వు పోతే ఆ కలం కూడా పోతాది. ఉండు. ఆయన ఎంత పైకెక్కుతాడో ఎక్కనీ. పదిమంది పెద్దోళ్ళ మధ్య నిలబడి, నవ్వుతూ ఉన్నప్పుడు లాగాలి కింద నుంచి."

"అందాకా ఇంకెవరికైనా చేస్తే?"

"చెయ్యనీకు. నువ్వు చూసుకో" అంది.

ఆ పగ నూకరత్నానికి పనిలా అలవాటైపోయింది. పొద్దున్నే మిల్లు, వారానికి రెండు సాయంత్రాలు గుట్ట మీద కేంద్రం. డాక్టరు మీసం కింద పెదవి ఎలా మడుస్తాడో, ఏ అక్షరం దగ్గర పళ్ళు కనిపిస్తాయో అన్నీ పట్టేసింది. ఆయన పొడుగాటి వాక్యాలు చదివితే తడుముకోకుండా తిరిగి చెప్పేది. ఆయన పొంగిపోయేవాడు. ఆయన పొంగిన ప్రతిసారీ ఆమె కడుపులో ఏదో చల్లబడినట్టుండేది. ఇంట్లో మాత్రం పెట్టె తీసి బియ్యం డబ్బా మీద పడేసేది. సత్యవేణి వెనక నుంచి పిలవడం మానేసింది.

నవంబరులో ప్రభుత్వ సంఘం వస్తోందని తెలిసింది. వాళ్ళు ఒప్పుకుంటే రాష్ట్రమంతటా రెండు వందల మంది పిల్లలకు కర్ణికలు. డాక్టరు ఆ సంగతి చెబుతుంటే నూకరత్నమే అడిగింది.

"పేపరోళ్ళని కూడా పిలవండి బాబూ. నలుగురికీ తెలియాల కదా."

"పిలుస్తాను" అన్నాడు ఆయన ఆమె భుజం తట్టి.

సంఘం వచ్చిన రోజు కేంద్రం హాలు నిండిపోయింది. ముందు వరసలో సంఘం వాళ్ళు అయిదుగురు. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొఫెసర్ సుగుణాబాయి వాళ్ళకు అధ్యక్షురాలు. తెల్లజుట్టు ముడి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. వెనక పత్రికల వాళ్ళు, డాక్టర్లు. వేదిక మీద నూకరత్నం కొత్త చీరలో కూర్చుంది. డాక్టరు ఎదురుగా నిలబడి పది వాక్యాలు చదివాడు. ఆమె పదీ చెప్పింది. జనం చేతులు కలుస్తూ విడిపోతూ కనిపించాయి. తలలో గర్ర్‌మంది.

"ఈవిడ అయిదేళ్ళు నిశ్శబ్దంలో బతికింది" అన్నాడు డాక్టరు సభ వైపు తిరిగి. మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "ఏమైనా చెబుతావా నూకరత్నం?"

"చెప్తాను బాబూ" అని ఆమె లేచింది. చీర కొంగు కళ్ళ మీదికి లాక్కుని, తల చుట్టూ రెండు మడతలు చుట్టి వెనక గట్టిగా ముడేసింది.

"ఇప్పుడు అడగండి. ఎవరైనా అడగండి. ఏదైనా అడగండి."

చీకటి. గర్ర్ అంది. ఆగింది. మళ్ళీ గర్ర్. ఎవరో అడుగుతున్నారు. ఎవరో, ఏమిటో తెలియదు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. గర్ గర్‌మని పొట్టిగా ఒకటి, పొడుగ్గా ఒకటి. తర్వాత చప్పుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే రొదైపోయాయి. మిల్లు షెడ్డులో ఉన్నట్టే ఉంది. సభంతా ఒక్కసారిగా మాట్లాడుతోందని ఆమెకు అర్థమైంది. ఆ చీకట్లోనే ఆమె నవ్వింది.

భుజం మీద చెయ్యి పడింది. కొంగు విప్పింది. సుగుణాబాయి వేదిక మీదికి వచ్చి ఉంది. "నేను నీ పేరు అడిగానమ్మా. నాలుగుసార్లు" అందామె.

డాక్టరు ముందుకొచ్చాడు. ఆయన పెదవులు తడారిపోయి ఉన్నాయి. "కావాలనే చేస్తోంది మేడమ్. ఏదో మనసులో పెట్టుకుని అబద్ధమాడుతోంది."

"అవును బాబూ, నేను అబద్ధం ఆడగలను" అంది నూకరత్నం. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. వెనక వరసలో వాళ్ళు కూడా అదిరిపడటం చూసి తెలుసుకుంది. "జనవరి నుంచి ఆడుతూనే ఉన్నాను. నా నరం ఎప్పుడూ ఆడలేదు. ఇమ్మానుయేలు తమ్ముడూ, ఆ కలం తే."

ఇమ్మానుయేలు తెర వెనక నుంచి నాడి కలాన్ని బల్లతో సహా తోసుకొచ్చాడు. ఇవాళ్టితో తన ఎనిమిది తీగలు కూడా పోతాయని అతనికి తెలుసు. చుట్టని ఆమె చెవి వెనక సరిచేసి, ఆ యంత్రం ఏం చేస్తుందో సుగుణాబాయికి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ నూకరత్నం మెడలోని పెట్టె దగ్గరకు వంగి మూడు మాటలు అంది. తల్లి. గుర్రం. మందు. కలం మూడు గీతలు గీసింది. సుగుణాబాయి ఆ కాగితాలు చింపి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులోకి ఎత్తింది. మూడు గీతలూ ఒకటే గీతలా కనిపించాయి.

ఆమె కాగితాలు దించేలోపే నూకరత్నం మళ్ళీ మాట్లాడింది.

"ఎల్లాజీ. తొమ్మిదేళ్ళు. రేవు దగ్గర అప్పలకొండ కొడుకు. వాడు పోయిన మర్నాడు, గాజు అవతల, ఈ బాబు ఏమన్నాడో చెప్తాను, వినండి." ఆమె కుడిచేత్తో లేని కళ్ళజోడు తీసి తుడిచింది. "తీగ దారిలోనే చీము పట్టింది. తెరిచి చూశాను. ఆ తీగే వాణ్ణి చంపింది. ఈ మాట ఈ గది దాటకూడదు."

"ఆ మాటలు అన్నది నాతోనే" అన్నాడు ఇమ్మానుయేలు.

డాక్టర్ చక్రధర్ ముఖం కిందికి జారిపోవడం నూకరత్నం చూసింది. తృప్తిగా, ఆకలితో ఉన్న మనిషి అన్నం చూసినట్టు చూసింది. పత్రికల వాళ్ళు వేదిక మీదికి ఎక్కేస్తున్నారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆ తోపులాటలో ఆయన ఒక్కసారి తలెత్తి ఆమెనే చూశాడు. గొంతు బయటికి రానీకుండా, పెదవులు మాత్రం కదిపాడు. హాలులో మరెవరికీ తెలియలేదు. ఆమెకు మాత్రం ప్రతి అక్షరం స్పష్టంగా కనిపించింది.

"హైమ. ఆరేళ్ళు. పోయిన బుధవారం చేశాను. నీకు జులైలోనే తెలుసు కదా."

ఆమె ఇమ్మానుయేలు వైపు తిరిగింది. అతను పది రోజులు బెంగుళూరులో ఉండి నిన్ననే వచ్చాడు. "ఎవరు తమ్ముడూ, హైమ?" అంది. అతనికి తెలియదు.

సభలో చూపించడానికి ఒక పిల్ల కూడా ఉంటే బాగుంటుందని డాక్టరు ఇమ్మానుయేలు లేనప్పుడు ఆ ఆపరేషన్ చేశాడు. గాయం మానక, పిల్లను వేదిక ఎక్కించలేక, ఆపరేషన్ అయినవాళ్ళని పెట్టే పై అంతస్తులోనే ఉంచాడు. నూకరత్నం మెట్లు ఎక్కేసరికి ఆ పిల్ల తలకు కట్టుతో మంచం మీద కూర్చుని జామకాయ తింటోంది. పక్కన తల్లి కళావతి. అనకాపల్లి వాళ్ళు. కింద ఏం జరిగిందో ఇంకా తెలియదు.

నూకరత్నం నిలబడే అంతా చెప్పింది. ఎల్లాజీ సంగతి, గాజుగది సంగతి, తను ఎందుకు ఆగిందో కూడా. దాచలేదు.

"మా పిల్లకి చెవి మిషను పెడితే కొంచెం వినిపించేదండీ, రెండు చెవుల్లోనూ" అంది కళావతి. "నేను దగ్గరికెళ్ళి పిలిస్తే పలికేది. ఆ వినికిడి?"

"తీగ పెట్టిన చెవిలో పోయుంటాది. ఇంక రాదు. ఎడం చెవి ముట్టుకోనీకు. తీగ ఇవాళే తీయించెయ్."

ఆ తీగ వేరే ఊళ్ళో, వేరే డాక్టరు తీశాడు. ప్రాణం నిలబడింది. కుడి చెవి పూర్తిగా పోయింది. డాక్టర్ చక్రధర్‌ మీద కేసు పెట్టారు. పట్టా లాగేసుకున్నారు, మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. కేంద్రానికి తాళం పడింది. ఎనిమిది తీగల బొమ్మలు గీసిన పుస్తకాలు చంకన పెట్టుకుని ఇమ్మానుయేలు ఊళ్ళో రేడియోలు బాగుచేసే దుకాణంలో చేరాడు. అప్పలకొండకు నిజం చెప్పడానికి నూకరత్నమే వెళ్ళింది. అప్పలకొండ విని, ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రేవులో ఎదురుపడ్డా తల తిప్పుకునేది.

నెల తర్వాత నూకరత్నం అనకాపల్లి వెళ్ళి కళావతి గుమ్మంలో నిలబడింది.

"ఏదైనా చెయ్యమంటే చేస్తానమ్మా" అంది.

కళావతి లోపలికి రమ్మనలేదు. "మీకు పెదాలు చదవడం బాగా వచ్చంట కదా. మా పిల్లకి నేర్పండి. ప్రతి ఆదివారం రండి. క్షమించేశానని అనుకోకండి. దాన్ని వారం వారం మీరు చూడాల. అందుకే రమ్మంటున్నాను."

నూకరత్నం వెళ్ళింది. మిల్లుకు సెలవున్న ప్రతి ఆదివారం, బస్సులో. చెవి వెనక పలక అలాగే ఉండిపోయింది, పెట్టె మాత్రం ఇమ్మానుయేలుకు ఇచ్చేసింది. కళావతి ఆమెకు మంచినీళ్ళు ఇచ్చేది, కూర్చోమనేది కాదు. హైమ మాత్రం వచ్చీరాగానే చాప వేసేది. ప, బ, మ పెదవుల మీద ఒకేలా ఉంటాయని, మిగతా మాటని బట్టి పోల్చుకోవాలని మొదటి నెలలోనే పట్టేసింది. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అనేది. ఏడాది తిరిగేసరికి వీధి అవతల పెసరట్లు వేసే మనిషి ఎవరిని తిడుతున్నాడో అరుగు మీద నుంచే చదివి చెప్పి, పడీ పడీ నవ్వేది. నూకరత్నం కూడా నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేది.

ఒక ఆదివారం ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎదురింటి గేటు దగ్గర కళావతి కొత్తగా అద్దెకొచ్చిన ఆవిడతో మాట్లాడుతోంది. హైమ తల్లి నోటినే చూస్తోంది. ఆటగా, ఒక్కో మాటా పైకి అనడం మొదలుపెట్టింది. నూకరత్నానికి ఎదురింటి వైపు చూసే అవసరం లేకపోయింది. పిల్ల పెదవుల మీదే అంతా కనిపించింది.

"ఆ కూర్చున్నావిడే. అంతా తెలిసి కూడా... నాలుగు నెలలు నోరు మూసుకుంది. మా పిల్ల చెవి పోయింది... ఆవిడ వల్లే."

పిల్ల ఆగిపోయింది. తనేం చదివిందో ఆ పిల్లకు అప్పుడు అర్థమైంది. మెల్లగా ఇటు తిరిగింది.

"నీ వల్లేనా?" అంది.

నూకరత్నం తల దించుకుంటే ఆ పిల్లకు జవాబు కనబడదు. అందుకని దించుకోలేదు. ఎదురుగా, వెలుగు తన ముఖం మీద పడేలా సర్దుకుని కూర్చుంది.

"నా వల్లే. డాక్టరు చేశాడు. ఆపగలిగి కూడా నేను ఆపలేదు. ఆయన్ని అందరి ముందూ పడగొట్టాలని కాచుకు కూర్చున్నాను."

హైమ ఆ పెదవుల వైపు రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ పిల్ల కళ్ళలో నవ్వు లేదు, ఏడుపు లేదు.

"మళ్ళీ చెప్పు" అంది.

నూకరత్నం మళ్ళీ చెప్పింది. ఒక్కో అక్షరం విడిగా, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా.